చిక్కు ప్రశ్నను వదిలే ముందు నాలుగు వాక్యాలు రాసిపెట్టుకోండి

ఆలోచన ముందుకు సాగనప్పుడు అదే పేజీ ముందు గంటల తరబడి కూర్చోవడం కంటే, ప్రశ్నను కాసేపు వదిలి లేవడమే మేలని విద్యార్థిగా నా అభిప్రాయం. అయితే లేచే ముందు ఎక్కడ ఆగిపోయామో, ఏయే దారులు ప్రయత్నించామో, అవి ఎందుకు కుదరలేదో నాలుగు వాక్యాల్లో రాసిపెట్టుకోవాలి. "ఈ లెక్క రావడం లేదు" అని రాస్తే ప్రయోజనం ఉండదు. "శక్తి నిత్యత్వ నియమంతో వడి వస్తోంది గానీ దిశ తెలియడం లేదు" అని రాస్తే, వెతకవలసినది ఏమిటో మనసుకు స్పష్టమవుతుంది.

ఆంగ్ల సామాజిక శాస్త్రవేత్త గ్రాహం వాలస్ 1926లో సృజనాత్మక ఆలోచనను సన్నాహం, పొదుగుదల (ప్రశ్నను పక్కన పెట్టినా మనసు లోలోపల దాని మీద పనిచేయడం), స్ఫురణ, సరిచూసుకోవడం అనే నాలుగు దశలుగా వివరించాడు. వీటిలో రెండో దశ గురించే అందరూ ఇష్టంగా మాట్లాడతారు, బహుశా అందులో పనేమీ కనిపించదు కాబట్టి. ఫ్రెంచి గణితవేత్త హెన్రీ పాయింకరే, బండి మెట్టు మీద కాలు మోపుతుండగా తనకొక ముఖ్యమైన గణిత సంబంధం తట్టిందని చెప్పాడు. కానీ అంతకుముందు పట్టుదలగా చేసిన శ్రమ లేనిదే అటువంటి స్ఫురణ కలగదనీ, కలిగిన తరువాత కూడా దానిని సరిచూసుకోక తప్పదనీ ఆయనే వివరించాడు.

తిరిగి కూర్చున్నప్పుడు పాత కాగితాన్ని వెంటనే తెరవకండి. సమస్యను గుర్తున్నంత మేరకు మీ మాటల్లో కొత్తగా రాసి, ఆ తరువాత రెండింటినీ పోల్చి చూడండి. మొదటిసారి మనకు తెలియకుండానే పెట్టుకున్న అనవసరపు షరతు ఏదైనా ఉంటే, సాధారణంగా ఆ తేడాలోనే బయటపడుతుంది.