లోన్ తీరింది సరే, సాత్‌బారాలో బోజా తీయించారా?

మహారాష్ట్రలో ధర్మాబాద్, దెగ్లూర్, సిరోంచ వైపు ఇల్లు అమ్మబోయినా, లోన్‌ను తక్కువ వడ్డీ బ్యాంకుకి మార్చుకోబోయినా మన తెలుగువాళ్లకి పని అడ్డం పడేది తరచు చివర్లోనే. బాకీ కట్టేస్తారు, కాగితాలు తెచ్చుకుంటారు. సాత్‌బారాలో (7/12 భూమి రికార్డులో) ఇతర హక్కుల గడిలో మాత్రం బ్యాంకు బోజా, అంటే ఆ భూమి మీద అప్పు ఉందన్న నమోదు, అలాగే ఉండిపోతుంది.

మొదట బ్యాంకులో ఫోర్‌క్లోజర్ లెటర్ అడగండి. ఏ తేదీకి ఎంత బాకీ, ఆపైన రోజుకి ఎంత వడ్డీ పడుతుందో అందులో ఉండాలి. సొంత పేరు మీద ఫ్లోటింగ్ వడ్డీకి తీసుకున్న ఇంటి లోన్ అయితే ముందుగా తీర్చినందుకు చార్జీ వేయకూడదు. ఫిక్స్‌డ్ అయితే అగ్రిమెంట్ తీసి చదవాల్సిందే. బ్యాంకు దగ్గరున్న ఒరిజినల్స్ జాబితా కూడా అప్పుడే రాయించుకోండి. కొనేవాళ్లు లోన్ పెట్టుకుంటే వాళ్ల బ్యాంకు అడిగేది ఇదే.

కొనేవాళ్లు బాకీ మేరకు ఇచ్చే డబ్బు నేరుగా మీ లోన్ ఖాతాలో పడేలా అగ్రిమెంట్‌లో రాసుకోండి. డీడీ అయితే దానిమీద లోన్ ఖాతా నంబర్ వేయించాలి. లెటర్‌లోని తేదీ దాటి కడితే ఆ కాస్త వడ్డీ తక్కువై ఖాతా మూతపడదు. నాలుగు రోజుల వడ్డీ కలిపే కట్టండి, మిగిలితే తిరిగి అడగొచ్చు. ఈఎంఐ ఆటో డెబిట్ ఆపించడం మరవొద్దు.

2023 సెప్టెంబర్ ఆర్‌బీఐ ఉత్తర్వు ప్రకారం, బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు కాగితాలు తిరిగివ్వాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి రూ.5,000 చొప్పున మీకు ఇచ్చుకోవాలి. కాగితాలు పోగొడితే నకళ్లు తెప్పించే ఖర్చూ బ్యాంకుదే, అందుకు ఇంకో 30 రోజులు గడువు. జాబితా పట్టుకుని కౌంటర్ దగ్గరే పేజీ పేజీ సరిచూసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి. తనఖాలు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో మీ తనఖా ముగిసినట్టు ఎక్కించారో లేదో కూడా అక్కడే అడగండి.

ఇక బోజా. బ్యాంకు లెటర్‌లో ‘లోన్ తీరింది’ అన్న ఒక్క ముక్క సరిపోదు. ఊరు, తాలూకా, గట్ నంబర్ (భూమి నంబర్), బోజా మొత్తం, అది ఎక్కిన ఫేర్‌ఫార్ (రికార్డులో మార్పు నమోదు) నంబర్, సాత్‌బారాలో ఉన్నట్టే మీ పేరు ఉండాలి. చిక్కంతా పేరు దగ్గరే: మన ఇంటిపేర్లు మరాఠీలో ఒకలా, బ్యాంకు ఇంగ్లీషులో ఇంకోలా పడతాయి, తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) వెనక్కి పంపుతాడు. పాత లోన్ స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌ది అయితే, అది 2017లో ఎస్‌బీఐలో కలిసింది కాబట్టి, ఆ పాత పేరూ లెటర్‌లో రాయించుకోండి. అర్జీ తలాఠీకి ఇవ్వొచ్చు, మహారాష్ట్ర ప్రభుత్వ ఈ-హక్క్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ పెట్టొచ్చు. మండల్ అధికారి ఫేర్‌ఫార్ ఖాయం చేశాక కొత్త సాత్‌బారా తీసి ఆ గడి ఖాళీ అయిందో లేదో మీ కళ్లతో చూసుకోండి. గావ్‌ఠాణ్ (ఊరి నివాస స్థలం) ఇల్లయితే పంచాయతీలో నమూనా 8 (ఇంటి పన్ను రిజిస్టర్), పట్నంలో అయితే సిటీ సర్వే ఆఫీసులో ప్రాపర్టీ కార్డు చూడాలి. గహాణ్‌ఖత్ (తనఖా దస్తావేజు) రిజిస్టర్ చేసి ఉంటే విడుదల దస్తావేజు కూడా సబ్ రిజిస్ట్రార్ దగ్గరే చేయించాలి.

బ్యాంకు మార్పిడిలో కాగితాలు బ్యాంకు నుంచి బ్యాంకుకే వెళ్తాయి కాబట్టి బోజా సంగతి ఎవరూ ఎత్తరు. పాతది తీయించకుండా కొత్తది ఎక్కిస్తే రెండూ కనిపిస్తాయి.

ఇల్లు అటు తెలంగాణలో నిజామాబాద్ వైపు ఉంటే చూడాల్సింది ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). తనఖా అక్కడ రిజిస్టర్ అయి ఉంటే, విడుదల కూడా రిజిస్టర్ అయితేనే అది తీరినట్టు ఈసీలో కనిపిస్తుంది.