చెయ్యి పైకెత్తితే భుజం పట్టేస్తోందా? అసలు తేడా ఎక్కడుందో ఇలా చూడండి

సమస్య: దండెం మీద బట్టలు ఆరేస్తున్నప్పుడో, అటక మీది డబ్బా దించుతున్నప్పుడో భుజం పక్కన కలుక్కుమంటుంది. చేతిని పక్క నుంచి లేపితే సుమారు 60 నుంచి 120 డిగ్రీల మధ్యే నొప్పి ఎక్కువ, అది దాటితే తగ్గుతుంది. రాత్రి ఆ వైపు తిరిగి పడుకోలేరు.

ముందు ఒక పరీక్ష. మోచేతిని నడుముకి ఆనించి, ముంజేతిని ఇంకొకరితో మెల్లగా బయటికి తిప్పించుకోండి. వాళ్లు తిప్పినా కదలకపోతే ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) కావచ్చు, షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. వేళ్ల దాకా తిమ్మిరి పాకితే మెడ చూపించుకోవాలి. పడ్డాక చెయ్యి లేవకపోతే వెంటనే ఆర్థో దగ్గరికి. ఛాతీ బరువు, చెమటలతో పాటు భుజం నొప్పి వస్తే మాత్రం ఇది చదవడం ఆపి ఎమర్జెన్సీకి వెళ్లండి.

కారణం: భుజం కీలుని పట్టి ఉంచే నాలుగు కండరాల్లో సుప్రాస్పైనేటస్ ఒకటి. దాని టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటి భాగం) భుజం కొన ఎముక కింది సందులోంచి వెళ్తుంది. జిమ్‌లో బరువులో, ఇంటికి రంగులో, అలవాటు లేని పని ఒక్కసారిగా మీద పడితే అది తట్టుకోలేదు. ఎముక దానికి రాసుకుంటోంది, ఆపరేషన్ చేసి గీకేయాలి అని ఎవరైనా అంటే కంగారు పడకండి. బ్రిటన్‌లో చేసి 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసిన ట్రయల్‌లో ఎముక గీకినవాళ్లకీ, కెమెరా పెట్టి చూసి వదిలేసినవాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

పరిష్కారం: తల పైకి చేతులెత్తే పనులు కొన్నాళ్లు తగ్గించండి, అంతేగానీ చేతికి పట్టీ కట్టుకుని కూర్చుంటే భుజం ఇంకా బిగుసుకుంటుంది. మొదట గోడ పక్కన నిలబడి, మోచెయ్యి మడిచి, ముంజేతి వెనకవైపుతో గోడని 20-30 సెకన్లు నెట్టండి, అలా ఐదుసార్లు. అది సులువైతే థెరాబ్యాండ్‌ని (వ్యాయామానికి వాడే సాగే రబ్బరు పట్టీ) కిటికీ ఊచకి కట్టి, మోచేతికీ నడుముకీ మధ్య టవల్ చుట్ట పెట్టుకుని, చేతిని బయటికి లాగి, వదిలేటప్పుడు మరీ మెల్లగా రండి. 10-15 చొప్పున మూడు సెట్లు, రోజు విడిచి రోజు. తర్వాత గోడ పుషప్స్. చేసేటప్పుడు పదికి మూడు నాలుగు నొప్పి ఉంటే పర్లేదు, మర్నాడు పొద్దున పెరిగితే వ్యాయామం జోరు తగ్గించండి. చాలామంది రెండు వారాలకి కాస్త హాయిగా ఉందని మానేస్తారు, కనీసం 12 వారాలు కావాలి.

రాత్రికి: రెండోవైపు పడుకుని నొప్పి చేతి కింద దిండు.

మాత్రలు: బీపీ, కిడ్నీ, గ్యాస్ట్రిక్ సమస్యలుంటే డాక్టర్‌ని అడగకుండా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వద్దు. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో ఉపశమనం కొన్ని వారాలే, షుగర్ కూడా కొన్ని రోజులు పెరుగుతుంది. ఆ వ్యవధిలో ఎక్సర్‌సైజ్ చేయకపోతే దండగ.

12 వారాలకీ మార్పు లేకపోతే స్కాన్. రిపోర్టులో టెండన్‌కి చిన్న చిరుగు కనిపించినా టెన్షన్ వద్దు, వయసు పెరిగాక నొప్పి లేని భుజాల్లోనూ అవి ఉంటాయి.