ఇంటి సర్వర్‌లో నడిపే సైట్ ఇంట్లో తెరుచుకుని బయటి నుంచి రాకపోతే: నా అనుభవం

ముందు రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు రౌటర్‌కి ఉన్న అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు సీజీనాట్ (ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే పద్ధతి) వెనక ఉన్నట్టే. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని రౌటర్ సర్వర్‌కి మళ్లించడం) ఎంత చేసినా లాభం లేదు, ప్రొవైడర్‌ని పబ్లిక్ ఐపీ అడగాల్సిందే.

నాకు అడ్డుపడింది మాత్రం వేరు. డీహెచ్‌సీపీ (రౌటర్ ఇంట్లోని పరికరాలకి అడ్రస్‌లు పంచే పద్ధతి) సర్వర్‌కి ఇచ్చిన 192.168.1.20 కాస్తా రీబూట్ అయ్యాక 192.168.1.23 అయింది, ఫార్వర్డింగ్ రూల్ ఇంకా పాత అడ్రస్‌కే పంపుతోంది. సర్వర్ మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డ్ గుర్తింపు సంఖ్య) ఒక ఐపీ రిజర్వ్ చేసి, వెబ్‌సైట్లు వాడే టీసీపీ పోర్టులు 80, 443 రెండూ దానికే మళ్లించాక సైట్ వచ్చింది. సర్వర్ ఫైర్‌వాల్‌లోనూ ఆ పోర్టులు తెరిచి ఉండాలి.

పరీక్ష మొబైల్ డేటాతోనే చేయండి. రౌటర్‌లో హెయిర్‌పిన్ నాట్ (ఇంటి లోపలి నుంచే పబ్లిక్ ఐపీ ద్వారా సర్వర్‌ని చేరనిచ్చే సదుపాయం) లేకపోతే, అన్నీ సరిగ్గా ఉన్నా ఇంటి వైఫైలో పబ్లిక్ ఐపీ కొడితే పేజీ రాదు.