వాహన రేడియోకి యాంప్లిఫైయర్: ఏ లక్షణానికి ఏ మందు?

బండిలోంచి మాట్లాడుకునే టూ-వే రేడియో పవర్ పెంచే బయటి యాంప్లిఫైయర్ రేడియోకీ యాంటెన్నాకీ మధ్య ఉంటుంది. అది మొరాయిస్తే వెంటనే పెట్టె విప్పకండి. చాలాసార్లు తప్పు దానికి కరెంటు తెచ్చే వైరులోనో, దాని నుంచి బయటికెళ్లే కేబుల్‌లోనో ఉంటుంది.

మాట్లాడే బటన్ నొక్కగానే రిలే (యాంప్లిఫైయర్‌ని లైన్లోకి తెచ్చే లోపలి స్విచ్) టకటకలాడుతుంది, పవర్ రాదు

ముందు అనుమానించాల్సింది సన్నటి వైరుని. 100 వాట్ల యాంప్లిఫైయర్ ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు సుమారు 20 ఆంపియర్లు లాగుతుంది. 1 చదరపు మి.మీ. రాగి వైరు 3 మీటర్లు వెళ్లి 3 మీటర్లు తిరిగొస్తే, 2 వోల్టులు దారిలోనే పోతాయి. మల్టీమీటర్ని బ్యాటరీ మీద కాదు, యాంప్లిఫైయర్ టెర్మినల్స్ మీదే పెట్టి, బటన్ నొక్కి చూడండి. బ్యాటరీ దగ్గర 13.8, ఇక్కడ 11.5 ఉంటే ఇంకేం వెతకక్కర్లేదు. 6 చదరపు మి.మీ. వైరు నేరుగా బ్యాటరీ నుంచి లాగి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే పెట్టండి. సిగరెట్ లైటర్ సాకెట్ జోలికి పోవద్దు.

వోల్టేజీ బాగుండి, ఎస్‌ఎస్‌బిలో (సింగిల్ సైడ్‌బ్యాండ్, మాట ఆగితే సిగ్నల్ కూడా ఆగే పద్ధతి) మాటకీ మాటకీ మధ్య రిలే కొట్టుకుంటుంటే, దాన్ని కాసేపు పట్టి ఉంచే డిలే స్విచ్ ఆన్ చేయండి.

మొదట్లో బాగానే ఉండి, పవర్ తగ్గిపోతుంది

వేడెక్కి ఉండాలి, లేదా ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కొస్తుందో చెప్పే కొలత) ఎక్కువై రక్షణ సర్క్యూట్ అడ్డుపడి ఉండాలి. సీటు కింద గాలి ఆడకుండా ఇరికించారేమో చూడండి. తర్వాత యాంప్లిఫైయర్ తీసేసి, తక్కువ పవర్లో రేడియోతోనే ఎస్‌డబ్ల్యూఆర్ కొలవండి. 1.5 లోపుంటే నిశ్చింత. 2 దాటితే యాంటెన్నా మౌంట్ విప్పండి: కింద పెయింట్ అలాగే ఉంటే బాడీకి ఎర్త్ అందదు. గీకి బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

మాట పగిలినట్టు వినిపిస్తుంది

5 వాట్ల ఇన్‌పుట్‌కి చేసిన దానికి 25 వాట్లు ఇస్తున్నారేమో. రేడియోని లో పవర్‌కి మార్చండి, ఆలస్యం చేస్తే ట్రాన్సిస్టర్లు పోతాయి.

యాంప్లిఫైయర్ ఆఫ్ చేసినా అవతలి మాట సన్నగా వస్తుంది

రిలే కాంటాక్టులు పాడయ్యాయి, లేదా కనెక్టర్ వదులైంది. యాంప్లిఫైయర్ తప్పించి కేబుళ్లు నేరుగా కలిపితే తేలిపోతుంది.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, రేంజ్ మాత్రం పెరగలేదు

ఇది లోపం కాదు. 25 వాట్లని 100 చేస్తే లాభం 6 డెసిబెల్స్, అవతలివాళ్ల మీటర్ మీద ఒక్క గీత. కొండ అడ్డొస్తే అదీ కనబడదు. పైగా అవతలివాళ్ల మాట మీకు మరింత బాగా వినిపించదు. యాంటెన్నాని బంపర్ నుంచి రూఫ్ మధ్యకి మార్చడం నా లెక్కలో ఇంతకన్నా మంచి బేరం, లైసెన్స్‌లోని పవర్ పరిమితితో పేచీ కూడా ఉండదు.