పర్లాకిమిడి పొలంలో లోరా రేడియో: రెండు లోపాలు, వాటి సవరణ

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి దగ్గర, మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న మా పొలం బావిలో నీటిమట్టాన్ని ఇంటి నుంచే చూడాలని, ఈఎస్‌పీ32 చిప్, ఎస్‌ఎక్స్1276 లోరా (తక్కువ కరెంటుతో చిన్న సందేశాలను దూరానికి పంపే) రేడియో గల ఓపెన్ సోర్స్ బోర్డును అమర్చాను. బల్ల మీద చక్కగా పనిచేసిన ఆ బోర్డు పొలంలో మాత్రం సందేశం పంపబోయిన ప్రతిసారీ తిరిగి మొదలయ్యేది.

బోర్డు సమాచారాన్ని కంప్యూటర్‌లో చూపే సీరియల్ మానిటర్‌లో బ్రౌన్‌ఔట్ హెచ్చరిక కనిపించడంతో, సరఫరా వోల్టేజీ ఒక్క క్షణం పడిపోతోందని అర్థమైంది. రేడియో 20 డీబీఎం (ప్రసార శక్తి కొలమానం) వద్ద 120 మిల్లీఆంపియర్ల దాకా తీసుకుంటుంది. అది చాలదన్నట్టు, నేను వాడిన నమూనా ప్రోగ్రాము అవసరం లేని వైఫైని కూడా తెరిచి ఉంచింది. బోర్డు సర్క్యూట్ పటం అందరికీ అందుబాటులో ఉండబట్టే, వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ఎక్కడుందో, కరెంటును నిల్వ ఉంచి అవసరమైన క్షణంలో అందించే కెపాసిటర్ ఎక్కడ కలపాలో వెతుక్కోగలిగాను. వైఫైని ఆపి, 3.3 వోల్టుల సరఫరా లైనుకూ గ్రౌండుకూ మధ్య 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టి, సన్నని పొడవాటి జంపర్ తీగల బదులు పొట్టి లావు తీగలు అతికాక రీసెట్లు ఆగిపోయాయి.

అయినా సందేశాలు సగమే చేరేవి. దీనికి తప్పు పూర్తిగా నాదే: పాత పెట్టెలో దొరికిన 433 మెగాహెర్ట్జ్ స్ప్రింగ్ యాంటెన్నాను, మన దేశంలో లైసెన్సు అక్కరలేని 865–868 మెగాహెర్ట్జ్ పౌనఃపున్య పట్టీలో నడిచే రేడియోకు తగిలించాను. యాంటెన్నా పొడవు రేడియో తరంగదైర్ఘ్యానికి తగ్గట్టు ఉండాలి కాబట్టి, పావు తరంగదైర్ఘ్యం లెక్కన సుమారు 8.6 సెంటీమీటర్ల నిటారు తీగను కోసి అతికాను. మార్చేటప్పుడు బోర్డుకు కరెంటు తీసేయాలి, ఎందుకంటే యాంటెన్నా లేకుండా ప్రసారం చేస్తే రేడియో చెడిపోవచ్చు. ఆ సాయంత్రం నుంచి నీటిమట్టం పది నిమిషాలకోసారి ఇంటికి చేరుతోంది.