సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో లినక్స్: కొనేముందే పరీక్షించుకోవడం ఎలా?

అనంతపురంలో తెల్లవారుజామున రైలెక్కితే మధ్యాహ్నానికల్లా బెంగళూరు ఎస్పీ రోడ్డు చేరుకోవచ్చు. కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలించుకున్న థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి గట్టి ల్యాప్‌టాప్‌లు అక్కడి దుకాణాల్లో దొరుకుతాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది. ఇంటెల్ 7వ తరం, అంతకన్నా పాత ప్రాసెసర్లలో దాదాపు అన్నీ విండోస్ 11 అర్హత జాబితాలో లేవు. విండోస్‌కు బదులు ఉచితంగా వాడుకోగల లినక్స్‌కు ఆ పట్టింపు లేదు. కాకపోతే పరీక్ష దుకాణం బల్ల మీదే జరగాలి.

ముందురోజు లినక్స్ రకాలైన మింట్ లేదా డెబియన్ లైవ్ ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే రూపం) డౌన్‌లోడ్ చేసి, ఫైలు చెడిపోలేదని తేల్చే దాని ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్య వెబ్‌సైటులో ఇచ్చినదానితో సరిపోయిందో లేదో చూసుకుని, విండోస్‌లో నడిచే రూఫస్ అనే ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. అందులోని పాత ఫైళ్లన్నీ చెరిగిపోతాయి.

దుకాణంలో మొదట బయోస్ (యంత్రం ఆన్ కాగానే తెరుచుకోగల ప్రాథమిక సెట్టింగుల తెర) తెరవాలి; థింక్‌ప్యాడ్‌లో దానికి ఎఫ్1 నొక్కాలి. పాత ఆఫీసు వారు పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే, "తర్వాత తీసిస్తాంలేన్నా" అన్న మాట నమ్మకుండా ఆ యంత్రాన్ని పక్కన పెట్టేయడం మేలు. అడగకపోతే యంత్రాన్ని మళ్లీ ఆన్ చేసి, థింక్‌ప్యాడ్‌లో అయితే ఎఫ్12 నొక్కి, పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడపాలి. దీనివల్ల డిస్కులో ఏదీ మారదు కాబట్టి దుకాణదారుకూ అభ్యంతరం ఉండదు.

అసలు చూడవలసింది వైఫై. ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూసి, టెర్మినల్‌లో (కమాండులు టైపు చేసే కిటికీ) ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) అనే కమాండుతో కార్డు పేరు తెలుసుకోవాలి. ఇంటెల్ కార్డులకు డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రాం) లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోనే ఉంటుంది గానీ, వాటి ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాం) ఇంటెల్ ఇచ్చే మూసిన ఫైలు, అంటే సోర్స్ కోడ్ బయటపెట్టనిది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌తోపాటే వస్తోంది. కొన్ని బ్రాడ్‌కామ్ కార్డులకు డ్రైవర్ విడిగా వేసుకోవాలి, దాన్ని తెచ్చుకోవడానికి మళ్లీ ఇంటర్నెట్ కావాలి. అప్పుడు ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి గట్టెక్కవచ్చు. మూసిన ఫర్మ్‌వేర్ అసలే వద్దనుకునేవారు పాత అథెరోస్ ఏఆర్9000 వరుస కార్డు వెతుక్కోవచ్చు గానీ, టీ430 వంటి పాత థింక్‌ప్యాడ్‌లు తమ జాబితాలో లేని కార్డును ఒప్పుకోవు. గ్రాఫిక్స్ విషయంలో ఇంటెల్, ఏఎమ్‌డీ చాలు. ఆటలు ఆడనివారికి ఎన్విడియా తలనొప్పి అనవసరం.

తర్వాత మూత మూసి, రెండు నిమిషాలు ఆగి తెరవాలి. నిద్రలేవని యంత్రం రోజూ విసిగిస్తుంది. అప్‌పవర్ (upower) కమాండుతో బ్యాటరీ తయారైనప్పటి సామర్థ్యాన్ని, ఇప్పటి సామర్థ్యాన్ని పోల్చి చూడాలి. సగానికి సగం పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చును బేరంలో తగ్గించమనాలి.

ఇంటికి వచ్చాక ఇన్‌స్టాలర్‌కు ఎస్‌ఎస్‌డీ కనిపించకపోతే, అది పాడైందని కంగారుపడనక్కరలేదు. బయోస్‌లో స్టోరేజీ రెయిడ్ లేదా ఆర్‌ఎస్‌టీ (ఇంటెల్ డిస్కు నిర్వహణ) పద్ధతిలో ఉండి ఉండవచ్చు. దాన్ని ఏహెచ్‌సీఐ అనే సాధారణ పద్ధతికి మార్చితే సాధారణంగా కనిపిస్తుంది. విండోస్‌ను కూడా ఉంచుకునేవారు మాత్రం ముందే బిట్‌లాకర్ (విండోస్ డిస్కు తాళం) రికవరీ కీ రాసి పెట్టుకోవాలి, పైగా ఈ మార్పుతో విండోస్ తెరుచుకోకపోయే ప్రమాదం ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్కు ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేకుండా డిస్కు చదవలేకుండా చేయడం) ఎంచుకోవాలి. తర్వాత చేర్చడం కష్టం.

చివరగా ఎఫ్‌డబ్ల్యూయూపీడీ (fwupd) అనే ప్రోగ్రాంతో బయోస్ అప్‌డేట్ చేయాలి, కరెంటు నిలకడగా ఉన్నప్పుడు, ఛార్జర్ తగిలించి. మా ఊరి ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి, వేడికి బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది. కాబట్టి థింక్‌ప్యాడ్‌లో టీఎల్‌పీ (TLP) అనే బ్యాటరీ నిర్వహణ ప్రోగ్రాం వేసి ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోవాలి. ఆపై లినక్స్‌లో భాషల టైపింగ్‌ను చూసే ఐబస్‌లో, భారతీయ భాషల ప్రామాణిక అమరికైన తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చేర్చుకుంటే యంత్రం రాతపనికి సిద్ధం.