బయల్దేరాక వెనక్కి వెళ్ళొద్దు: తీరం ఊళ్ళకు తుపాను జాగ్రత్తలు

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఉప్పాడ బీచ్ రోడ్డును కెరటాలు మళ్ళీ కోసేశాయి. మనకు గండం ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. టార్చిలైటు, మందులు, మంచినీళ్ళు సర్దుకోమని అందరూ చెబుతూనే ఉంటారు, అవి మళ్ళీ రాయడం లేదు. కుటుంబాలకు కుటుంబాలు కూలిపోయే పొరపాటు ఒకటుంది. తుపాను షెల్టరుకు చేరిన మనిషి వెనక్కి వెళ్ళడం. "మీరుండండి, పడవ ఒకసారి చూసొస్తా" అనే మాటతోనే అది మొదలవుతుంది.

గాలి ఆగినప్పుడు

తుపాను కన్ను, అంటే సుడి నడిమధ్య గాలి లేని చోటు, ఊరి మీదికి వస్తే అప్పటిదాకా ఈశాన్యం నుంచి కొట్టిన గాలి ఉన్నట్టుండి పడిపోతుంది. వాన తెరిపిస్తుంది, చుక్కలు కూడా కనబడొచ్చు. పోయిందనుకుని జనం బయటికొస్తారు. కాసేపటికి గాలి నైరుతి నుంచి అంతే జోరుతో తిరగబడుతుంది. మొదటి గాలికి వేళ్ళు కదిలిన కొబ్బరిచెట్టు అప్పుడు ఇంకో వైపుకు పడుతుంది. మేకులు లూజైన రేకులు అప్పుడే లేస్తాయి. వాతావరణ శాఖ తుపాను తీరం పూర్తిగా దాటిందని చెప్పేదాకా గడప దాటొద్దు.

ఉప్పెన సంగతి ఇంకా ముఖ్యం. మన తీరంలో తుపాను దాటే చోటుకు ఉత్తరం పక్కన గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. నరసాపురం దగ్గర దాటుతుందని రేడియోలో వింటే అంతర్వేది, ఓడలరేవు, భైరవపాలెం వాళ్ళు "మనకు తప్పింది" అనుకోకూడదు. నీళ్ళు ఎదురుగా బీచి మీంచే రావాలని లేదు. ఏటి మొగల్లోంచి, డ్రెయిన్లలోంచి ఊరి వెనక నుంచి ఎక్కుతాయి. ఇంటికంటే ముందు పల్లపు రోడ్డు మునుగుతుంది. వెళ్ళిన దారి తిరిగి రావడానికి ఉండదు. అమావాస్య, పౌర్ణమి పోటు కలిస్తే నీళ్ళు ఇంకా పైకొస్తాయి.

వెనక్కి లాగేవి ముందే తేల్చుకోండి

మనిషిని వెనక్కి లాగేది పడవ. దాని పని ముందు రోజు పగలే ముగించండి. ఇంజను విప్పి డాబా ఇంట్లో పెట్టండి. ఫైబర్ తెప్పను వీలైనంత మెరకకు లాగి, ఇసుక బస్తాలు నింపండి. ఏట్లో కట్టక తప్పకపోతే రెండు తాళ్ళు వేసి, నీళ్ళు లేచే ఎత్తుకు సరిపడా వదులు ఉంచండి. బిగించి కడితే నీళ్ళు లేచినప్పుడు పడవ ముక్కు మునుగుతుంది. తాడు ఒరుసుకునే చోట గోనె చుట్టండి. కొబ్బరిచెట్టుకు కట్టొద్దు. నంబరు కనబడేలా పడవ ఫొటో తీసుకోండి, పరిహారానికి అడుగుతారు.

రెండోది, ఇల్లు కదలనన్న పెద్దవాళ్ళు. "చచ్చిపోతావు మామ్మా" అని బెదిరిస్తే ఇంకా బిగుసుకుంటారు. ఏది వదిలి రాలేకపోతున్నారో అడగండి. దేవుడి పటమో, మేకపిల్లో, ట్రంకు పెట్టెలో ఉన్న చీరో, అదే ముందు ఆటోలో ఎక్కించండి. ఇంట్లో ప్రతి ఒక్కరినీ ఇదే అడగాలి. షెల్టరులో కూర్చున్నాక అర్ధరాత్రి గుర్తొచ్చి లేచి వెళ్ళేది దానికోసమే.

ఇక ఇవి:

ఆడవాళ్ళనీ పిల్లల్నీ పంపి మగవాళ్ళు ఇల్లు కాయడం మానండి. ఆయన కోసం ఇంకొకరు వెనక్కి వస్తారు.

పశువుల పలుపులు విప్పేయండి.

కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒంటిమీదే ఉంచుకోండి.

షెల్టరులో గంటకోసారి మనుషుల్ని లెక్కపెట్టండి. ఒకరు తగ్గితే వెతకడానికి వెళ్ళొద్దు, అత్యవసర నంబరు 112కి చెప్పండి. సముద్రం మీద ఉండిపోయినవాళ్ళ కోసం కోస్ట్‌గార్డు నంబరు 1554.

మోకాలి లోతు పారే నీళ్ళలో దిగొద్దు. పడేస్తాయి.

ఆ రాత్రి మందు ముట్టొద్దు. తాగినవాడే లేచి వెనక్కి వెళ్తాడు.

తెల్లారాక కూడా ఒంటరిగా వెళ్ళొద్దు. తెగిన కరెంటు తీగ నీళ్ళలో కనబడదు.

కోసుకుపోయిన ఇల్లు గాలి లేనప్పుడూ కూలుతుంది. కెరటం గచ్చు కింద ఇసుక లాగేసి ఉంటుంది, పైన మాత్రం గది బాగానే కనబడుతుంది. బయట నిలబడి పొడుగాటి కర్రతో గచ్చు మీద కొట్టండి. బోలుగా మోగితే లోపలికి అడుగు పెట్టొద్దు, పెట్టె కోసం కూడా.

వారం దాకా వడ్డీ కాగితం మీద సంతకం చెయ్యొద్దు. నష్టాల నమోదు అయ్యాకే అప్పు మాట.

ఇల్లు పోయిన మనిషి రోజూ వెళ్ళి ఆ గట్టు మీద కూర్చుంటుంటే వదిలేయొద్దు. అదీ వెనక్కి వెళ్ళడమే. "మగాడివి, ఏడవకు" అనొద్దు. పక్కన కూర్చోండి, తిండి పెట్టండి, రాత్రి తోడు పడుకోండి.

అన్నం మానేసినా, నిద్ర లేకపోయినా, "నేను లేకపోతే మీకే సుఖం" అన్నా అది ఉత్త మాట అనుకోకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పురుగుమందు డబ్బా ఆ ఇంట్లోంచి తీసేయండి. 14416 టెలి మానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోను సాయం. పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ మనిషి చెయ్యనంటే మీరే కలిపి ఫోను చేతికివ్వండి.